కంపోస్టు బకెట్‌లో కంపు, పురుగులు: ముందు ఎండుటాకులు సంపాదించండి

మూత బిగించిన బకెట్‌లో రోజూ కూరగాయల తొక్కలు వేస్తున్నామని, వారం తిరిగేసరికి అడుగున నల్లటి నీళ్లు, భరించలేని కంపు, లోపల పురుగులు వస్తున్నాయని రాశారు. వానపాములు కొని వేస్తే సరిపోతుందా అని అడిగారు. ఆ బకెట్‌లో వేయకండి, ఒక్కటీ బతకదు. మీకు కావాల్సింది ఎండుటాకులు, గాలి. హైదరాబాద్‌లో మా డాబా మీది కుండీలకు ఏళ్లుగా ఇంట్లో చేసిన ఎరువే వేస్తున్నాను. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

తొక్కల్లో నీళ్లూ, నత్రజనీ ఎక్కువ. ఎండుటాకుల్లో కార్బన్ ఎక్కువ. చెత్తను ఎరువుగా మార్చే సూక్ష్మజీవులకు ఒక పాలు నత్రజనికి 25 నుంచి 30 పాళ్ల కార్బన్ ఉంటే పని చురుగ్గా సాగుతుంది. ఉత్త తొక్కలే వేస్తూ పోతే అంతా ముద్ద కట్టి, లోపలికి గాలి ఆడదు. గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు పెరిగి కుళ్లబెడతాయి. మీకు వస్తున్న కంపు అదే. కుళ్లిన గుడ్డు వాసన వస్తే గాలి చాలడం లేదని, ముక్కుకెక్కే అమోనియా ఘాటు వస్తే ఆకులు చాలడం లేదని గుర్తు.

20 లీటర్ల పాత పెయింట్ బకెట్ చాలు. అడుగునా, చుట్టూరా చిల్లులు పెట్టి, ఇటుకల మీద ఎత్తుగా ఉంచండి. అడుగున కొబ్బరి పీచు, ఎండు పుల్లలు పరవండి. ఆపైన గిన్నెడు తొక్కలకు రెండు గిన్నెల నలిపిన ఎండుటాకులు, ఇదే లెక్క. తొక్కలు ఎంత చిన్న ముక్కలైతే అంత త్వరగా కరుగుతాయి. బకెట్ ఎప్పుడు తెరిచినా పైన ఆకులే కనబడాలి, ఈగల బెడద సగం దాంతోనే పోతుంది. వారానికోసారైనా పైదీ కిందదీ కలిసేలా తిరగెయ్యండి.

తడి చూడటానికి గుప్పెడు తీసుకుని గట్టిగా పిండండి. వేళ్ల సందుల్లో తడి మెరవాలి, మహా అయితే ఒకటి రెండు చుక్కలు రాలాలి. ధార కడితే ఆకులు కలపండి. గుప్పిట విప్పగానే పొడిపొడిగా రాలిపోతే నీళ్లు చిలకరించండి. మే నెలలో మా డాబా మీద రెండోదే ఎక్కువగా జరుగుతుంది. ఎండాకాలం బకెట్‌ను నీడకు మార్చడం తప్పనిసరి.

ఇక ఆకులు ఎక్కడివి అంటారా? ఫిబ్రవరి, మార్చి నెలల్లో వీధిలో కానుగ, వేప చెట్ల కిందకి వెళ్లి చూడండి. ఊడ్చి కుప్పలు పోసి ఉంటాయి. చాలాచోట్ల వాటిని అక్కడే తగలబెడుతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఊడ్చేవాళ్లను అడిగితే సంతోషంగా గోనెసంచుల్లోకి ఎత్తిస్తారు. ఆ రెండు నెలల్లో సంచులు నింపి, వాన తగలని చోట దాచుకుంటే ఏడాదంతా దిగులుండదు. అప్పటిదాకా ముక్కలుగా చింపిన అట్టపెట్టెలు, రంపపు పొట్టు, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) వాడుకోవచ్చు. కానీ ఆకులకు సాటి ఏదీ లేదు.

పురుగుల గురించి అంత టెన్షన్ వద్దు. చదునుగా, లేత గోధుమ రంగులో ఉండి, పెద్దయ్యాక నల్లబడేవైతే అవి బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లలు. కుట్టవు, కరవవు, తొక్కలను చకచకా తినేస్తాయి. చూడ్డానికి ఇబ్బందైతే ఆకుల పొర మందం చేయండి.

వండిన అన్నం, నూనె కూరలు, మాంసం, చేపల వ్యర్థాలు మాత్రం వేయొద్దు. ఎలుకలు, పందికొక్కులు వస్తాయి. టీ పొడిని పాలు, చక్కెర పోయేలా కడిగి వేయండి. మామిడి టెంకలు కరగడానికి చాలా కాలం పడుతుంది, పక్కన పెట్టేయండి. పూజ పూలు భేషుగ్గా పనికొస్తాయి, దండలోని ప్లాస్టిక్ దారం తీసేస్తే చాలు. బజారులో అమ్మే కంపోస్టు పొడులు కొనక్కర్లేదు. గుప్పెడు పాత ఎరువో, కాస్త పేడో, పుల్లటి మజ్జిగో కలిపితే అదే పని జరుగుతుంది.

ఇప్పుడున్నదాన్ని పారబోయకండి. నీళ్లు వంపేసి, ఒక పాత గోనె మీద కొంచెంసేపు ఆరబెట్టి, దానికి రెండింతల ఆకులు కలిపి చిల్లుల బకెట్‌లోకి ఎత్తండి. రెండు మూడు రోజుల్లో కంపు తగ్గుముఖం పడుతుంది. వంపిన నీళ్లను ఆకుకూరల మీద పోయొద్దు.

బకెట్ నిండాక రెండు మూడు నెలలు వదిలేయండి, వానాకాలమైతే ఇంకొంచెం ఎక్కువ. నల్లగా, పొడిగా మారి, తొలకరికి లేచే మట్టి వాసన రావాలి. అనుమానముంటే అందులో కొన్ని మెంతులు చల్లి చూడండి. బాగా మొలిస్తే పండినట్టే, మొలక మాడిపోతే ఇంకా ఆగాలి. జల్లించి, మూడు పాళ్ల మట్టికి ఒక పాలు కలిపి కుండీలు నింపండి. పాత కుండీలకైతే నెలకోసారి గుప్పెడు మొదట్లో వేసి మట్టి కప్పండి. చిన్న బకెట్ పెద్ద కుప్పలా వేడెక్కదు కాబట్టి విత్తనాలు చావవు. కుండీల్లో టమాటా, గుమ్మడి మొలకలు వాటంతటవే లేస్తాయి. నేను టమాటా మొలకలను తీసి వేరే కుండీలో నాటుకుంటాను, గుమ్మడికి చోటుండదు కాబట్టి పీకేస్తాను.