కోడ్ రాగానే స్పేర్ కొనకు, అల్లుడూ

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నిన్న ఫోన్‌లో నువ్వు "పీ0302 వచ్చింది మావయ్యా, కాయిల్ తెప్పిస్తున్నా" అంటే ఆగమన్నాను. షెడ్డులో జనం ఉండటంతో ఎందుకో చెప్పడం కుదరలేదు. అందుకే రాస్తున్నాను.

కారు కంప్యూటర్‌లోని కోడ్లు చదివే స్కానర్ ఏ స్పేర్ పోయిందో చెప్పదురా. ఎక్కడ తేడా ఉందో చెబుతుంది, అంతే. పీ0302 అంటే రెండో సిలిండర్ మిస్ కొడుతోందని, అంటే అందులో పెట్రోలు సరిగ్గా మండడం లేదని. ప్లగ్గుకి కరెంటు ఇచ్చే కాయిలే కావచ్చు, ప్లగ్గు, ఇంజెక్టర్, వైరింగ్, చివరికి కంప్రెషన్ అయినా కావచ్చు.

నేను స్కానర్ కొన్న కొత్తలో ఓ కారు పీ0171తో వచ్చింది. గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని దాని అర్థం. ఆక్సిజన్ సెన్సర్ తప్పు చూపిస్తోందనుకుని మార్చేశాను. కస్టమర్ నన్ను నమ్మి డబ్బు కట్టాడు. వారం తిరక్కుండానే లైటు మళ్లీ వెలిగింది. ఈసారి ఇంజిన్ ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా పెట్టి, బోనెట్ ఎత్తి చెవి పెట్టి విన్నాను. సన్నగా బుస్సుమనే చప్పుడు. ఇంజిన్‌లోకి గాలి పంపే మానిఫోల్డ్ వెనక వేలెడు లావు రబ్బరు పైపు వంపు దగ్గర చీలి ఉంది. ఆ చీలికను బొటనవేలితో నొక్కిపెట్టగానే ఊగుతున్న ఇంజిన్ కుదురుకుంది. వేలు తీస్తే మళ్లీ ఊగింది. సెన్సర్ మొదటి నుంచీ నిజమే చెబుతోంది! దాని డబ్బు తిరిగి ఇచ్చేశాను గానీ, ఆ బాధ మాత్రం ఇంకా పోలేదు.

అప్పటి నుంచి ఫ్యూయల్ ట్రిమ్ చూడకుండా అలాంటి బండి మీద చెయ్యి వేయను. కంప్యూటర్ పెట్రోలు ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకె అది. అటూ ఇటూ 10 శాతం లోపల ఉంటే సాధారణంగా కంగారు లేదు. ఎయిర్ ఫ్లో సెన్సర్ ఉన్న బండిలో ఐడిల్‌లో ప్లస్ 20 దాటి, 2500 ఆర్‌పీఎంకి రేస్ చేస్తే 5కి దిగిందనుకో, సెన్సర్ దాటాక ఎక్కడో గాలి దూరుతోంది. ఐడిల్‌లో బాగుండి, లోడ్ పడే కొద్దీ పెరుగుతుంటే పెట్రోలు చాలడం లేదు. పంపు, ఫిల్టర్ చూడు.

కోడ్ కనబడగానే క్లియర్ కొట్టే అలవాటు మానెయ్. ముందు నోట్‌బుక్‌లో కోడ్ రాసుకో, ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా రాసుకో. లైటు వెలిగినప్పుడు బండి ఎంత స్పీడులో ఉంది, ఇంజిన్ ఎంత వేడి మీద ఉంది అన్నీ అందులో ఉంటాయి. క్లియర్ చేస్తే ఆ సాక్ష్యమంతా పోతుంది. అసలు స్కానర్ కంటే ముందు మీటర్ పట్టుకుని బ్యాటరీ చూడు. ఆఫ్‌లో సుమారు 12.6 వోల్టులు ఉండాలి. బాగా పడిపోతే సంబంధం లేని కోడ్లు డజను వస్తాయి. ఏబీఎస్ లైటు వెలిగితే చక్రం దగ్గర వైరు చూడు, సెల్లార్‌లో పెట్టే కార్లకు ఎలుకల బెడద ఎక్కువ.

ఇంకోటి, ఇది చాలా ముఖ్యం. చెక్ ఇంజిన్ లైటు టపటపా ఆరి వెలుగుతోందని ఎవరైనా ఫోన్ చేస్తే బండి పక్కకు ఆపమను. మిస్ కొట్టి కాలని పెట్రోలు సైలెన్సర్ వైపు వెళ్తే పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ మాడిపోతుంది. దాని ఖరీదు ముందు కాయిల్ ఖరీదు ఏపాటి?

ఇప్పుడు నీ బండి సంగతి. రెండో కాయిల్‌ని మూడులో పెట్టు, మూడోది రెండులో పెట్టు. కోడ్ రాసుకున్నావుగా, ఇప్పుడు క్లియర్ చేసి పది కిలోమీటర్లు తిప్పు. పీ0303 వస్తే కాయిల్ తెప్పించు. మళ్లీ పీ0302యే వస్తే ప్లగ్గులు కూడా అలాగే మార్చి చూడు. అప్పటికీ రెండులోనే ఉంటే ఇంజెక్టర్, కంప్రెషన్ చూడాలి. గేజ్ నా దగ్గర ఉంది, ఆదివారం పొద్దున్నే తెస్తాను. ఈలోగా ఏ కోడ్ వచ్చిందో రాత్రికి ఫోన్ చెయ్యి.

మీ మావయ్య