నిప్పుబంతిలా ఉల్క కనిపిస్తే...

ప్రశ్న: నిన్న రాత్రి ఆకుపచ్చ వెలుగుతో ఓ పెద్ద ఉల్క మూడు సెకన్లు మెరిసి, ఎదురుగా చెట్ల వెనకే పడినట్టు కనిపించింది. వెళ్లి వెతకమంటారా?

జవాబు: వద్దండీ. అది చెట్ల వెనక పడి ఉండదు, చాలా దూరంలో పోయి ఉంటుంది. శుక్రుడికన్నా ప్రకాశంగా వెలిగే ఇలాంటి ఉల్కనే అగ్నిగోళం అంటారు. చాలావరకు నేలకు పదుల కిలోమీటర్ల ఎత్తులోనే ఆరిపోతాయి. వంద కిలోమీటర్ల దూరంలోది కూడా పక్కనే పడినట్టు అనిపిస్తుంది.

వెతకడంకన్నా విలువైన పని, చూసింది చూసినట్టు రాసిపెట్టడం. ముందు ఫోన్లో సమయం చూసుకోండి. నిలబడ్డ చోటు నుంచి కదలకుండా, వెలుగు ఎక్కడ మొదలై ఎక్కడ ఆరిందో స్తంభం, ఇంటి అంచు వంటి గుర్తులతో పోల్చుకోండి. చేయి చాచి పిడికిలి పడితే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. దిగంతం నుంచి ఎన్ని పిడికిళ్ల ఎత్తో లెక్కపెట్టండి. పగలు అక్కడే నిలబడి దిక్సూచితో దిక్కు సరిచూడండి. చాలామంది ఇక్కడే పొరబడతారు: ముందు పక్కవాళ్లతో మాట్లాడేసి, వాళ్లు చూసిందీ తమ జ్ఞాపకంలో కలిపేసుకుంటారు.

వెంటనే లోపలికి వెళ్లిపోకండి. శబ్దం కిలోమీటరుకు దాదాపు 3 సెకన్లు తీసుకుంటుంది కాబట్టి ఉల్క చేసే ఉరుములాంటి శబ్దం నిమిషాల తర్వాత వినిపించవచ్చు. వినిపిస్తే ఆ వ్యవధి తప్పక రాయండి. ముక్కలు నేలకు చేరి ఉండే అవకాశం అప్పుడే ఎక్కువ. ఈ వివరాలు అంతర్జాతీయ ఉల్కా సంస్థ వెబ్‌సైట్‌లోని ఫారంలో నింపండి. వేర్వేరు ఊళ్లవాళ్ల పరిశీలనలు కలిస్తేనే దాని దారి తేలుతుంది.