ఆ ఫైల్‌ని ఒకసారి తెరిచి చూడు

చిన్నీ,

డాక్టర్ల కోసం ఒక్కదానివే యాప్ రాస్తున్నావట, రోగుల వివరాలన్నీ ఫోన్‌లోనే ఎస్‌క్యూలైట్‌లో, అదే అంతా ఒకే ఫైల్‌లో దాచే చిన్న డేటాబేస్‌లో పెడుతున్నావట. రాత్రి అక్క చెప్తుంటే ఎంత సంతోషమేసిందో! ఆ తర్వాత మాత్రం నిద్ర పట్టలేదు. మామూలు ఎస్‌క్యూలైట్‌కి తాళం ఉండదమ్మా. ఫైల్ ఎవరి చేతికి చిక్కినా చదివేయొచ్చు.

ఎన్‌క్రిప్షన్, అంటే కీ లేనివాళ్లు చదవలేకుండా డేటాని మార్చేయడం, సొంతంగా రాయాలని కూర్చోకు. ఎస్‌క్యూలైట్‌కి తాళం జోడించే ఎస్‌క్యూఎల్‌సైఫర్ వాడు, 256 బిట్ల ఏఈఎస్ అనే పద్ధతితో ఫైల్‌లోని ప్రతి పేజీనీ ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. కీని కోడ్‌లో రాయకు. ఆండ్రాయిడ్‌లో కీస్టోర్, ఐఫోన్‌లో కీచెయిన్ ఉన్నవి కీని భద్రంగా దాచడానికే.

ఇక నేను చేసిన తప్పు చెప్తాను. మా యాప్ అప్పటికే జనం వాడుతున్నారు, డేటా అంతా ఎన్‌క్రిప్షన్ లేకుండానే ఉంది. పాత ఫైల్‌కి ఊరికే కీ ఇస్తే అది ఎన్‌క్రిప్ట్ అవదు, డేటాని కొత్త ఫైల్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేయాలి. అలాగే చేశాను. ఎందుకైనా మంచిదని పాత ఫైల్‌ని పేరు మార్చి పక్కనే ఉంచాను. వచ్చే రిలీజ్‌లో తీసేద్దాంలే అనుకుని మర్చిపోయాను.

కొన్ని నెలల తర్వాత రిపేరుకొచ్చిన ఒక ఫోన్‌లో ఆ ఫైల్ కనిపించింది. ఫైల్‌లోని బైట్లని ఉన్నదున్నట్టు చూపించే హెక్స్ వ్యూయర్‌లో తెరిచాను. అక్షరాలు కనిపించే కుడివైపు వరుసలో మొదటే ‘ఎస్‌క్యూలైట్ ఫార్మాట్ 3’ అని ఉంది. కిందికి జరుపుతుంటే ఒకామె పేరు, ఫోన్ నంబరు, ఆ పక్కనే జబ్బు పేరు. తన వివరాలు తీసేయమని ఆమె ఎప్పుడో అడిగింది. డిలీట్ కొట్టింది నేనే. కానీ డిలీట్ చేస్తే ఆ చోటు ఖాళీ అని గుర్తు పెడుతుందంతే. చెరిపిన చోట సున్నాలు నింపే సెక్యూర్ డిలీట్ ఆన్ చేయకపోతే, ఫైల్‌ని మళ్లీ కొత్తగా రాసే వ్యాక్యూమ్ నడపకపోతే అక్షరాలు అక్కడే పడి ఉంటాయి. నాకు చేతులు చల్లబడ్డాయి. మేనేజర్‌కి చెప్పి ఆమెకి నేనే ఫోన్ చేశాను. ఆమె కోప్పడలేదు. “తీసేశామన్నారు కదమ్మా” అంది, అంతే. ఆ గొంతు నాకింకా వినిపిస్తూనే ఉంటుంది.

నీకింకా ఒక్క యూజర్ కూడా లేరు, అదే నీ అదృష్టం. మొదటి రోజు నుంచే ఎన్‌క్రిప్ట్ చేస్తే ఈ పాత ఫైల్ గొడవే ఉండదు. లాగ్‌లు, క్రాష్ రిపోర్టులు, ఎక్స్‌పోర్ట్ చేసిన ఎక్సెల్ షీట్లు కూడా చూసుకో, పేర్లు బయటపడేది అక్కడే. ‘తర్వాత చూద్దాంలే పిన్నీ’ అనకు, హోంవర్క్ రోజుల నుంచీ నీకిదే అలవాటు. కోప్పడుతున్నాననుకోకు తల్లీ, భయంతో అంటున్నాను. కీ పోతే డేటా మళ్లీ రాదని డాక్టర్లకి కూడా ముందే చెప్పు.

ఆదివారం లోపు ఉత్తుత్తి పేర్లతో డేటాబేస్ నింపి ఫైల్ నాకు పంపు, కీ పంపకు. ముందు నువ్వు హెక్స్ వ్యూయర్‌లో తెరిచి ఒక్క పేరైనా కనిపిస్తుందేమో వెతుకు. తర్వాత నేనూ వెతుకుతాను.

మీ పిన్ని