సింధుకి, కారు లేనివాళ్ళ గురించి

సింధూ,

అట్లాంటాలో లూపస్‌కి, అదే ఒంటి రక్షణ వ్యవస్థ ఒంటి మీదే తిరగబడే జబ్బుకి, కొత్త మందులు పరీక్షించే ట్రయల్స్‌లో కోఆర్డినేటర్‌గా చేరుతున్నావని, నల్లజాతి పేషెంట్లను ఎక్కువమందిని చేర్చే పని నీకే అప్పజెప్పారని మీ అమ్మ తెనాలి నుంచి ఫోన్ చేసి చెప్పింది. సంతోషం సగం, టెన్షన్ సగం. రాత్రి నిద్ర పట్టలేదు. 22 ఏళ్ళు ఆ కుర్చీలో కూర్చున్నదాన్ని కదా.

మామూలువి నీకు తెలుసు. కన్సెంట్ ఫారం ఇంటికిచ్చి పంపు, అక్కడికక్కడే సంతకం అడగకు. శనివారాలు క్లినిక్ తెరిపించు. న్యూట్రోఫిల్స్, అంటే ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్ల రక్తకణాలు, తక్కువని ఎవరినైనా స్క్రీనింగ్‌లో తీసేస్తుంటే డాక్టర్‌ని ఆపి అడుగు. ఆఫ్రికా మూలాలున్న చాలామందికి ఆ కౌంట్ పుట్టుకతోనే కాస్త తక్కువ, అది జబ్బు కాదు. పుస్తకాల్లో ఎర్రగా కనిపించే లూపస్ దద్దురు నల్లటి ఒంటి మీద ఊదాగానో ముదురు గోధుమ రంగుగానో ఉంటుంది.

పేషెంట్లెవరైనా టస్కీగీ సంగతి ఎత్తితే మాట మార్చకు. అలబామాలోని ఆ ఊళ్ళో 1932 నుంచి 1972 దాకా, పెన్సిలిన్ వచ్చాక కూడా, సిఫిలిస్ ఉన్న నల్లజాతి మగవాళ్ళకి వైద్యం చేయకుండా చూస్తూ కూర్చున్నది ప్రభుత్వ ఆరోగ్యశాఖే. అవును, జరిగింది అని చెప్పు. కానీ "వాళ్ళకి నమ్మకం లేదు, అందుకే రారు" అనే మీటింగుల్లో తల ఊపకు. నేను ఊపాను.

ఒకావిడ ఉండేది. హోటల్లో గదులు సర్దే పని, ఇద్దరు పిల్లలు. లూపస్ కిడ్నీల దాకా పాకింది. కన్సెంట్ ఫారం అంచుల్లో పెన్సిల్‌తో ప్రశ్నలు రాసుకొచ్చి, అన్నీ అడిగి, సంతకం పెట్టింది. నమ్మకం లేకపోతే పెడుతుందా? మూడో విజిట్‌కి రాలేదు. నాలుగోదానికి 2 గంటలు లేటు. ఐదోదీ తప్పింది. ఫైల్లో "నాన్ కంప్లయంట్", అంటే చెప్పినట్టు చేయని మనిషి, అని రాసింది నేనే. ట్రయల్లోంచి తీసేశారు. తర్వాత రిసెప్షన్‌లో నా పేరు మీద ఒక కవరు వదిలి వెళ్ళింది. వచ్చినప్పుడల్లా నేను చేతిలో పెట్టిన పార్కింగ్ కూపన్లు, రబ్బరు బ్యాండ్ వేసి, ఒక్కటీ వాడకుండా. చిన్న చీటీ: "ఎవరికైనా పనికొస్తాయి. నాకు కారు లేదు." రెండు బస్సులు మారి వచ్చేదట. వచ్చిన రోజు జీతం కోత. ఎలా వచ్చావమ్మా అని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు నేను. అడగాల్సిన మాట అడగకుండా, ఆవిడకి బాధ్యత లేదని రాసిపెట్టాను. ఆ ఫైలు ఇంకా ఎక్కడో ఉండే ఉంటుంది, నా సంతకంతో.

ఇలాంటివాళ్ళని పోగొట్టుకుంటే ఏమవుతుందో చూశాం. నల్లజాతి ఆడవాళ్ళకి ఈ జబ్బు తెల్లవాళ్ళకంటే 2, 3 రెట్లు ఎక్కువ. 50 ఏళ్ళకి పైగా కొత్త మందే రాని లూపస్‌కి 2011లో బెలిముమాబ్ అనే మందు వచ్చింది. దాని ట్రయల్స్‌లో మాత్రం వాళ్ళు కొద్దిమందే. వాళ్ళకి పనిచేస్తుందో లేదో తేలక, అమెరికాలో మందులకి అనుమతిచ్చే ఎఫ్‌డీఏ, అనుమతి ఇచ్చాక కూడా, నల్లజాతి పేషెంట్లతో విడిగా ఇంకో ట్రయల్ చేయమని కంపెనీకి చెప్పింది.

నీకు నెలకింతమంది అని టార్గెట్ పెడతారు. నా భయం అదే. బస్ ఛార్జీ, పోయిన కూలి, పిల్లల్ని చూసుకునే మనిషి ఖర్చు బడ్జెట్‌లో రాయించకుండా తలలు లెక్కపెట్టడం మొదలెట్టకు.

ఇంకోటి. ఎండలోకి వెళ్తే మీ అమ్మ ముఖం కందిపోతుంటే వేడి చేసిందని నాలుగేళ్ళు సబ్జా నీళ్ళు తాగించాం. లూపస్ అని తర్వాత తేలింది. పొద్దున్నే నీ వేళ్ళు బిగుసుకుంటున్నాయట, నాకెందుకు చెప్పలేదే పిచ్చిదానా? ఈ వారంలోనే రక్తపరీక్ష చేయించుకుని రిపోర్ట్ నాకు పంపు. లేదంటే రెండు బస్సులు మారైనా నేనే వస్తాను.

మీ పెద్దమ్మ