హాజరు తగ్గితే ఏడాది పోతుందా?

ప్రశ్న: మా అబ్బాయి గుంటూరులో ఇంజనీరింగ్ రెండో ఏడాది. కాలేజీ జేఎన్‌టీయూ కాకినాడ కింద ఉంది. టైఫాయిడ్‌తో హాజరు 66 శాతానికి పడింది. డిటెయిన్ చేస్తారా, అంటే పరీక్షలు రాయనివ్వకుండా ఆపేస్తారా?
– ఒక తల్లి, బ్రాడీపేట

జవాబు: ఇంకా చేయి దాటలేదమ్మా. మొత్తం మీద 75 శాతం కావాలి. 65కు తగ్గకపోతే అనారోగ్య కారణం చూపి, ఫీజు కట్టి కండోనేషన్ (తగ్గిన హాజరుకు మినహాయింపు) అడగొచ్చు. 65 లోపైతే ఆ దారీ మూసుకుపోతుంది.

లెక్క చూడండి: 300 పీరియడ్లలో 198కి వెళ్లాడనుకుందాం. ఇంకా 150 ఉంటే, 140కి వెళ్తే చాలు, కండోనేషన్ అక్కర్లేదు.

చాలామంది సెమిస్టర్ చివర్లో మెడికల్ సర్టిఫికెట్ తెస్తారు, అప్పుడు అనుమానిస్తారు. రేపే డిశ్చార్జి సమ్మరీ, రక్తపరీక్ష రిపోర్టు జిరాక్సులు జతచేసిన అర్జీతో మెంటార్‌ని (మీ అబ్బాయి బాధ్యత చూసే లెక్చరర్‌ని) కలవండి. అర్జీ కాపీ మీద ‘అందింది’ అని సంతకం, తేదీ వేయించుకోండి. పోయిన ల్యాబ్ ప్రయోగాలు ఎప్పుడు చేయిస్తారో అప్పుడే అడగండి.