చుక్కల పరీక్ష పెట్టబోతున్న బిడ్డకు

హన్మకొండ

బిడ్డా,

వచ్చే నెల నుంచి పేషెంట్లకు చుక్కల పరీక్ష పెడుతున్నవని మీ అమ్మ ఫోన్ల చెప్పింది. స్క్రీన్ మీద చెల్లాచెదురుగ కదిలే చుక్కలల్ల కొన్ని ఒకే దిక్కు పోతయ్, అది ఏ దిక్కో పేషెంట్ బటన్ నొక్కి చెప్పాలె, గదే గద. ముందు ఒక ఆదివారం బోగత పోయి రా. జలపాతం నడుమ ఒక్కచోట నిమిషం సేపు చూపు నిలిపి, వెంటనే పక్కనున్న బండను చూడు. బండ పైకి పోతున్నట్టు కనబడ్తది, కానీ ఉన్నచోటనే ఉంటది. 1834లో రాబర్ట్ ఆడమ్స్ స్కాట్లండ్ జలపాతం దగ్గర ఇదే చూసి రాసిండు. కదలికను, జాగను మెదడు వేర్వేరుగ పట్టుకుంటదని నీ కండ్లకే తెలుస్తది.

పరీక్షల కూడ అంతే. జవాబు కదలిక నుంచే రావాలె. ఒక్క చుక్కను పట్టుకొని, అది ఎక్కడ మొదలై ఎక్కడ తేలిందో చూసి చెప్పేటోళ్లుంటరు. అందుకే ప్రతి చుక్కను కొన్ని ఫ్రేముల్లనే మాయం చేసి ఇంకోచోట పుట్టించు. చూపు నడిమి గుర్తు మీదనే ఉండాలె. చుక్కలు ఎక్కువ సేపు చూపిస్తే కన్ను వాటెంట పోతది, 200 మిల్లీసెకన్లు చాలు. స్క్రీన్‌కు 57 సెంటీమీటర్ల దూరంల కూసోబెడితే స్క్రీన్ మీద ఒక సెంటీమీటర్ కంటికి ఒక డిగ్రీ కోణం. దారం పెట్టి కొలువు, అందాజ వద్దు.

నేనొక తప్పు చేసిన. పరకాల దిక్కు నుంచి వచ్చిన ఒక పెద్దాయనకు నూటికి అరవై చుక్కలు ఒకే దిక్కు పోయినా సగం జవాబులు తప్పే. మెదడుల కదలికను పట్టే వీ5 అనే భాగం దెబ్బతిన్నదని రాసిన. రెండు బటన్లల ఊరికే నొక్కినా సగం ఒప్పయితయన్నది నాకు తట్టలే. మర్నాడు చేత్తో చూపించమంటే ఒక్కటీ తప్పు పోలే. ఆయన మరిచింది ఏ బటన్ ఏ దిక్కుదో, అంతే. ఆ కాగితం చింపి మళ్ల రాసిన గని, ఆ రాత్రి నిద్ర పట్టలే.

ఇంకోటి. కదలిక సంకేతం కంటి వెనక పొర రెటీనాల ఉండే పెద్ద కణాల నుంచి మెదడు నడుమనుండే థాలమస్‌ల ఆరు పొరల్ల కింది రెండింటికి, అక్కడి నుంచి మెదడు వెనక చూపు మొదట చేరే వీ1కు, ఆ తర్వాత వీ5కు పోతది. ఈ దారి ఎక్కడ చెడినా మార్కులు తగ్గుతయ్, ధ్యాస లేకున్నా తగ్గుతయ్. అందుకని అదే స్క్రీన్, అవే బటన్లతోటి కదలని ఆకారాల పరీక్ష ఒకటి జతచెయ్. రెండూ చెడితే వీ5 పేరెత్తకు. కంటి ముందు చూపు లేదన్న భాగంల కూడ కదిలే చుక్క చూపించి చూడు. తలకు గాయాలైన సైనికుల్ల కొందరు అక్కడ కదలికను గుర్తుపట్టిన్రని రిడాక్ అనే బ్రిటిష్ డాక్టర్ 1917లనే రాసిండు.

1983లో మ్యూనిక్ డాక్టర్లు రాసిన పేషెంట్ గుర్తుందా? మెదడు రెండు దిక్కుల దెబ్బతిని, ఆమెకు కప్పుల పోస్తున్న టీ గడ్డకట్టినట్టు కనబడేది. కంప్యూటర్ పెట్టకముందే అడుగు: చాయ్ పోస్తుంటే పొర్లిపోతుందా? చౌరస్త దాటుతుంటే దూరంగున్న ఆటో ఒక్కసారే మీదికొచ్చినట్టుంటుందా? వాళ్లు చెప్పింది వాళ్ల మాటలల్లనే రాసుకో.

నీ పెదనాన్న