ఎయిర్ ఫ్రయర్‌లో పోర్క్ రిబ్స్: ముందు కుక్కర్, ఆ తర్వాతే వేడిగాలి

మీరు అడిగింది ఇదీ: నాలుగు లీటర్ల ఎయిర్ ఫ్రయర్‌లో 200 డిగ్రీల దగ్గర 25 నిమిషాలు పెడితే రిబ్స్ పైన నల్లబడుతున్నాయి, లోపల మాత్రం నమల్లేకపోతున్నారు, మధ్యలో పొగ కూడా వస్తోంది. పైగా పంది మాంసం కదా, సరిగ్గా ఉడికిందో లేదో అని ఇంట్లో వాళ్ళకు టెన్షన్. మేం బెంగళూరులో ఉంటాం. ఇక్కడ పోర్క్ దుకాణాలకు కొదవ లేదు, మా ఇంట్లో ఆదివారం కోడికూర ఎంత మామూలో రిబ్స్ కూడా అంతే. మేం చేసే పద్ధతి చెబుతాను, ఎందుకలా చేస్తామో కూడా చెబుతాను.

ఎయిర్ ఫ్రయర్‌లో పైన ఒక కాయిల్ కాలుతుంది, ఒక ఫ్యాన్ ఆ వేడిని బుట్టంతా తిప్పుతుంది. ఉన్నది పొడి గాలే. చికెన్ వింగ్స్‌కి, చేప ముక్కకి అది చాలు. రిబ్స్‌లో ఎముకలను పట్టుకుని ఉన్న మాంసం అంతా పొరలే. ఆ పొరల్లో ఉండే కొల్లాజెన్ అనే గట్టి ప్రోటీన్ 70 డిగ్రీలు దాటాక మెల్లగా కరగడం మొదలుపెడుతుంది, 90 దగ్గరికి వస్తే త్వరగా కరిగి జిగురవుతుంది. మేక కాళ్ళ సూప్ చల్లారితే గడ్డకట్టేది ఆ జిగురు వల్లే. ఇది జరగాలంటే టైమ్ కావాలి, ఆరిపోకుండా తేమ కూడా ఉండాలి. 200 దగ్గర 25 నిమిషాల్లో పైన మాడడానికి టైమ్ సరిపోయింది, లోపల కరగడానికి సరిపోలేదు. మీ మెషీన్‌లో లోపమేమీ లేదు.

ఉడకడం వేరు, మెత్తబడడం వేరు. అమెరికా వ్యవసాయ శాఖ 2011లో పోర్క్‌కు పెట్టిన లెక్క ప్రకారం, ఖీమా కాకుండా మామూలు ముక్కకు లోపల 63 డిగ్రీలు వచ్చి, దించాక మూడు నిమిషాలు ఆగితే తినొచ్చు. ఖీమాకైతే 71. మీ రిబ్స్ ఆ 63 ఎప్పుడో దాటే ఉంటాయి, అందుకే గట్టిగా ఉన్నా పచ్చిగా ఉండి ఉండవు. రిబ్స్ తినడానికి బాగుండేది 90, 95 మధ్య. అక్కడిదాకా తీసుకెళ్ళాక ఉడికిందా లేదా అన్న ప్రశ్నే రాదు.

మెదడులో పురుగు భయం గురించి కూడా రాశారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఉడకని పంది మాంసంలో ఒక్కోసారి ఉండే తిత్తులు (పురుగు పిల్ల ఉండే చిన్న సంచులు) కడుపులోకి వెళితే పేగుల్లో బద్దెపురుగు పెరుగుతుంది. మెదడులో తిత్తులు కట్టేది ఆ మాంసం వల్ల నేరుగా కాదు. బద్దెపురుగు ఉన్న మనిషి మలంతో గుడ్లు బయటికి వచ్చి, కడగని చేతుల ద్వారా, నీళ్ళ ద్వారా, కూరగాయల ద్వారా ఇంకొకరి నోట్లోకి వెళితే వస్తుంది. అందుకే పోర్క్ జన్మలో ముట్టని వాళ్ళకు కూడా ఆ జబ్బు వస్తుంది. మనం చేయగలిగింది ఏమిటంటే, వీధుల్లో తిరిగే పందులది కాకుండా ఫారంలో పెంచిన వాటి మాంసం కొనడం, బాగా ఉడికించడం, పచ్చి మాంసం కోసిన పీట మీద కీరా దోస తరగకపోవడం.

ఇక కొనడం దగ్గరికి వద్దాం, సగం పని అక్కడే తేలిపోతుంది. వీడియోల్లో కనిపించే బేబీ బ్యాక్ రిబ్స్ వెన్ను వైపు నుంచి తీసినవి, పొట్టిగా, వంపు తిరిగి ఉంటాయి, త్వరగా మెత్తబడతాయి. కింద పొట్ట వైపు వచ్చేవి స్పేర్ రిబ్స్, ఇవి చదునుగా ఉంటాయి, కొవ్వు ఎక్కువ, టైమ్ కూడా ఎక్కువ తీసుకుంటాయి. మన దుకాణాల్లో రిబ్స్ అంటే ఈ తేడాలేవీ ఉండవు. మటన్ చాప్స్ కొట్టినట్టు టపటపా కూర ముక్కలు కొట్టి, తోలుతో సహా కవర్లో వేసి ఇస్తారు. కూరకు అవి బ్రహ్మాండంగా ఉంటాయి. ఎయిర్ ఫ్రయర్‌లో మాత్రం చిన్న ముక్క ఇట్టే ఎండిపోతుంది, చిట్లిన ఎముక పొడి పళ్ళ కింద కరకరమంటుంది. కాబట్టి ఆయన కత్తి ఎత్తకముందే చెప్పండి: "అన్నా, తోలు తీసెయ్, పట్టీ మొత్తం అలాగే ఉంచు, మూడేసి ఎముకలకు ఒక కోత పెడితే చాలు." ఒక్కోసారి విసుక్కుంటారు, ఫర్వాలేదు. నాలుగు లీటర్ల బుట్టకు ముప్పావు కిలో చాలు. అంతకు మించితే ముక్కలు ఒకదాని మీద ఒకటి పడి గాలి ఆడదు.

ఇంటికి తెచ్చాక పట్టీని బోర్లా తిప్పి ఎముకల వైపు చూడండి. తెల్లగా మెరుస్తూ పల్చటి పొర ఒకటి అన్ని ఎముకల మీదా అంటుకుని ఉంటుంది. ఎంత ఉడికించినా అది మెత్తబడదు, ఉప్పూ కారం లోపలికి పోనివ్వదు. చివరి ఎముక దగ్గర పొర కిందికి చెంచా కాడ దూర్చి కొంచెం పైకి లేపండి. చేత్తో లాగబోతే జారుతుంది, కిచెన్ టిష్యూతో పట్టుకుని మెల్లగా లాగితే పర్రుమంటూ ఒక్క ముక్కగా ఊడి వచ్చేస్తుంది. తెగితే తెగిన చోట మళ్ళీ చెంచా దూర్చడమే. రబ్బరులా ఉన్నాయని మీరు రాశారే, అందులో ఈ పొర వాటా కూడా ఉండొచ్చు.

ముప్పావు కిలోకు ఉప్పు టీస్పూనున్నర, పసుపు చిటికెడు, అల్లం వెల్లుల్లి ముద్ద ఒక పెద్ద చెంచా, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు ఒక చెంచా. రాత్రే పట్టించి ఫ్రిజ్‌లో పెడితే ఉప్పు లోపలిదాకా పడుతుంది, వీలు కాకపోతే గంటసేపు నానినా చాలు. పెరుగు నేను వేయను. అది నీళ్ళు వదులుతుంది, ఫ్రయర్‌లో మిగిలింది పొక్కుల్లా మాడుతుంది. పచ్చి బొప్పాయి వేయమని చాలామంది చెబుతారు. అది పైపైన మాత్రమే పనిచేస్తుంది, ఎముకల మధ్యకు చేరేలోపు పైన ఉన్న కండ పిండిలా అయిపోతుంది.

ఇప్పుడు కుక్కర్. ముప్పావు కప్పు నీళ్ళు పోసి, ముక్కల్ని ఎముకల వైపు కిందికి ఉండేలా పెట్టండి. ఒక విజిల్ వచ్చాక మంట సిమ్‌లో పెట్టి 12 నుంచి 15 నిమిషాలు ఉంచి, ప్రెషర్ దానంతట అదే దిగేదాకా వదిలేయండి. ప్రెషర్‌లో నీళ్ళు 120 డిగ్రీల దగ్గరిదాకా వెళతాయి, అందుకే మామూలు గిన్నెలో గంట దాటే పని ఇక్కడ ఇంత త్వరగా అయిపోతుంది. నాటు పందిదైతే రుచి దానిదే, కండ మాత్రం గట్టి, ఇంకో పది నిమిషాలు పెంచాలి. తీసి చూస్తే ఎముకల కొసల దగ్గర మాంసం సుమారు ఒక సెంటీమీటరు వెనక్కి తగ్గి ఉండాలి, రెండు ఎముకల మధ్య టూత్‌పిక్ గుచ్చితే అడ్డు లేకుండా దిగాలి. ఎముక ఊడి చేతికొచ్చేంత ఉడికించకండి, బుట్టలోకి ఎత్తేటప్పుడే విడిపోతుంది. థర్మామీటర్ ఉంటే రెండు ఎముకల మధ్య కండలో గుచ్చండి. ఎముకకు తగిలితే అంకె తప్పు చూపిస్తుంది.

కుక్కర్లోంచి తీసిన వెంటనే ఫ్రయర్‌లో పెట్టేయకండి, చాలామంది తొందరపడేది ఇక్కడే. పైన తడి ఉన్నంతసేపు ఆ వేడంతా నీళ్ళను ఆవిరి చేయడానికే పోతుంది, రంగు రాదు. పళ్ళెంలో పరిచి, టిష్యూతో అద్ది, ఫ్యాన్ కింద పావుగంట ఆరనివ్వండి. చేత్తో ముట్టుకుంటే తడి తగలకుండా కాస్త జిగటగా ఉంటే సిద్ధమైనట్టు.

ఆరేలోపు పైన పూత తయారు చేసుకోవచ్చు. సీసాలో దొరికే బార్బెక్యూ సాస్ నాకు మరీ తీపి. మా ఇంట్లో నిమ్మకాయంత చింతపండు తీసిన చిక్కటి పులుసు, మూడు చెంచాల బెల్లం తురుము, ఒక చెంచా గుంటూరు కారం, దంచిన వెల్లుల్లి రెబ్బలు, కుక్కర్లో మిగిలిన రసం రెండు గరిటెలు (పైన తేలిన కొవ్వు తీసేసి) కలిపి, సన్నటి మంట మీద గరిటెకు పట్టేదాకా మరిగిస్తాం. ఉప్పు వేయక్కర్లేదు, రసంలో ఉన్నదే సరిపోతుంది. మా పక్క ఫ్లాట్‌లో ఉండే కొడగు ఆంటీకి ఈ చింతపండు అంతగా నచ్చదు. వాళ్ళు పంది కూరలో కచంపులి వేస్తారు. అది ఒక రకం పుల్లటి పండ్ల రసాన్ని కాచి కాచి నల్లగా చిక్కబరిచిన పులుపు. ఆవిడ ఇచ్చిన సీసాలోంచి అర చెంచా వేస్తే నిజంగానే రుచి మారిపోతుంది, కాదనను. దొరికితే చింతపండు సగానికి తగ్గించి అది వేసి చూడండి. గోంగూర పూయొచ్చా అని కూడా అడిగారు. పూస్తే వేడిగాలికి ఆకు ఎండి రేకులుగా రాలిపోతుంది, పక్కన పచ్చడిగా పెట్టుకోండి.

ఫ్రయర్‌ను 190 దగ్గర మూడు నిమిషాలు ఖాళీగా వేడెక్కించండి. ముక్కల మీద నూనె చేత్తో పల్చగా రాసి, కండ వైపు పైకి పెట్టి ఆరు నిమిషాలు, తిప్పి ఇంకో నాలుగు. మళ్ళీ కండ పైకి తిప్పి, అప్పుడు పూత రాసి, 180కి తగ్గించి మూడు నిమిషాలు. బయటికి లాగి ఇంకో పూత, మరో రెండు నిమిషాలు. బెల్లం పూత మొదట్లోనే రాస్తే మాడి చేదెక్కడం ఖాయం, మీరు ముందే సాస్ రాసి ఉంటే, మీ రిబ్స్ నల్లబడడంలో అందులోని చక్కెర వాటా కూడా ఉండొచ్చు. చివరి రెండు నిమిషాలు ఫ్రయర్ దగ్గరే ఉండండి. అంచుల్లో బెల్లం సన్నటి బుడగలు కట్టి, ఎర్రగా ఉన్న పూత ముదురు ఇటుక రంగుకు తిరిగి, పాకం వాసన వస్తుంది. అప్పుడు తీసేయాలి. మెషీన్ మెషీన్‌కీ వేడి తేడా ఉంటుంది, నేను చెప్పిన నిమిషాల కంటే ఆ రంగునే నమ్మండి.

పొగకు కారణం కొవ్వు. పచ్చి రిబ్స్ నుంచి కారిన కొవ్వు అడుగు ట్రేలో పడి 200 దగ్గర పొగ చిమ్ముతుంది. కుక్కర్లో చాలా కొవ్వు ముందే దిగిపోతుంది కాబట్టి ఈ పద్ధతిలో పొగ బాగా తగ్గుతుంది. అయినా వస్తుంటే జల్లెడ పళ్ళెం కింద, ట్రేలో, రెండు మూడు చెంచాల నీళ్ళు పోయండి. మీ మోడల్‌తో వచ్చిన పుస్తకంలో నీళ్ళు వద్దని రాసి ఉంటే మాత్రం పోయకండి, మధ్యలో ఒకసారి ట్రే తుడిస్తే చాలు.

కుక్కర్ లేకుండా కుదరదా అంటే కుదురుతుంది, ఓపిక ఉండాలి. ముక్కల్ని బటర్ పేపర్‌లో చుట్టి, లోపల రెండు చెంచాల నీళ్ళు చల్లి, దాని మీద ఫాయిల్ బిగుతుగా చుట్టి, 160 దగ్గర 45 నిమిషాలు. స్పేర్ రిబ్స్ అయితే గంట. ఆ తర్వాత విప్పి, ఆరబెట్టి, పైన చెప్పినట్టే వేయించడం. బటర్ పేపర్ ఎందుకంటే, మసాలాలో నిమ్మరసం, వెనిగర్ లాంటి పులుపు వేసుకుంటే అది అల్యూమినియంతో కలిసి లోహపు రుచి వస్తుంది. ఫాయిల్‌తో బుట్ట అడుగు మొత్తం మూసేయకండి, గాలి తిరగడానికి పక్కల ఖాళీ వదలాలి. వదులుగా ఉన్న పేపర్ ఎగిరి కాయిల్‌కు తగిలితే మంట అంటుకుంటుంది కూడా. ఇంతసేపు నడపాలంటే ఎక్స్‌టెన్షన్ బోర్డు వద్దు. 1500 వాట్ల మెషీన్ ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది, గీజర్‌కో ఫ్రిజ్‌కో ఉండే పెద్ద 16 ఆంపియర్ల ప్లగ్గుకే పెట్టండి. నాకైతే ఈ పద్ధతి కంటే కుక్కరే ఇష్టం. కరెంటు తక్కువ, పైగా చేతికి రసం మిగులుతుంది.

మర్నాటికి ఒకటి రెండు ముక్కలు మిగిలితే నీళ్ళు చిలకరించి, ఫాయిల్ కప్పి, 160 దగ్గర ఆరేడు నిమిషాలు పెట్టండి. మైక్రోవేవ్‌లో వేడిచేస్తే పైన కరకరలాడేదంతా పోతుంది. కుక్కర్ రసాన్ని ఫ్రిజ్‌లో పెడితే పొద్దుటికి పైన తెల్లగా కొవ్వు, కింద జిగురు విడిగా గడ్డకడతాయి. కొవ్వు గీకి పక్కన పెట్టుకుంటే బంగాళాదుంప వేపుడుకు బాగుంటుంది. కింది జిగురులో రెండు గ్లాసుల నీళ్ళు, ముల్లంగి చక్రాలు, చీల్చిన పచ్చిమిర్చి వేసి మరిగించి అన్నంలోకి పోసుకుంటాం. ఉప్పు మాత్రం రుచి చూశాకే వేయండి.